ముందు చెప్పాల్సిన మాట

ఇంజనీరమ్మకు జీతం పెరగబోతోందన్న సంగతి వీధిలో తెలియనివాళ్లు లేరు. అంతా అత్తగారి చలవ. మెట్ల మీద ఎదురుపడ్డ ప్రతివాళ్లనీ ఆపి చెప్పిందావిడ.

"మా కోడలు పెద్ద పరీక్ష పాసైంది. కంప్యూటరుకీ కంప్యూటరుకీ మధ్య దారులు వేసే చదువు. జీతం రెట్టింపు కాదు, ఇంకా పైనే."

పరీక్ష పేరేమిటని ఎవరైనా అడిగితే ఆవిడకు నోరు తిరిగేది కాదు. "పేరుదేముందమ్మా, జీతం చూడు" అనేసి పైకి వెళ్లిపోయేది.

పేరు ఏదైనా, అది ఆ రంగంలో అన్నిటికంటే పైమెట్టు సర్టిఫికెట్. రాత పరీక్ష దాటాక పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక గదిలో కూర్చోబెట్టి నెట్‌వర్క్ మొత్తం కట్టిస్తారు, చెడగొట్టి బాగుచేయిస్తారు. ఇంజనీరమ్మ రెండుసార్లు తప్పింది. మొదటిసారి సమయం చాలక. రెండోసారి ఒకే ఒక్క వరుస టైపు చేయడం మర్చిపోయి. ఆ ఒక్క వరుస ఆమెను చాలాకాలం పీడించింది. అప్పట్నుంచి ఏ పని చేసినా, అది ముగిశాక మనసులో మొదటినుంచి మళ్లీ చేసుకోవడం అలవాటైంది. ఊరికి బయల్దేరినవాళ్లు దారిలో తాళం వేశామా లేదా అని తలుచుకుంటారే, అలాగ. మూడోసారి పాసైంది.

ఆ జీతం మీద ఇంట్లో ఎవరి ఆశలు వాళ్లవి. భర్త అచ్చు యంత్రం నడిపేవాడు. ప్రెస్సు మూతపడ్డాక ఆయన వంటింటి బాధ్యత తీసుకున్నాడు, అందులో మంచి పేరు కూడా తెచ్చుకున్నాడు. కానీ ఆ వంటిల్లు వాళ్లది కాదు. ఆయన అక్కగారిది. వాళ్లుండేది ఆ ఇంటి వెనక గదిలో. వదినగారు ఒక్క మాట అనేది కాదు. చెప్పదలుచుకున్నదంతా గిన్నె కింద పెట్టే చప్పుడులో చెప్పేసేది. ఆ చప్పుడు విని విని ఇంజనీరమ్మకు గిన్నెలంటేనే భయం పట్టుకుంది.

రెండు వీధుల అవతల ఒక వాటా ఖాళీ అయింది. రెండు గదులు, సొంత కుళాయి, సొంత తలుపు. ఇంటాయన మర్యాదస్థుడే, కాని గట్టివాడు. "మీ ఆయనకి పని లేదంటున్నారు. మీ కొత్త జీతం ఉత్తరం తెచ్చి చూపించండి, తాళాలు పట్టుకెళ్లండి. ఇంకొకళ్లు కూడా అడుగుతున్నారు. రేపటిదాకా ఆగుతా" అన్నాడు.

ఉత్తరం ఆ సాయంత్రం చేతికి రావాలి. ఇచ్చేది ఫోటోల సారు. ఆయన కంపెనీ యజమాని. ఎవరు ఏం సాధించినా పక్కన నిలబడి ఫోటో దిగి గోడకి తగిలిస్తాడు కాబట్టి ఆఫీసులో అందరూ చాటుగా ఆ పేరుతోనే పిలిచేవారు. ఆమె సర్టిఫికెట్ నంబరు తన కాగితాల మీద పడగానే, నెట్‌వర్క్ యంత్రాలు తయారుచేసే పెద్ద సంస్థ దగ్గర ఆయన కంపెనీ హోదా ఒక మెట్టు పెరిగింది. హోదా పెరగ్గానే పిల్లల ఆసుపత్రి పని దొరికింది.

"మేడం, సర్టిఫికెట్ వచ్చాక ఇది మీ మొదటి పని. మచ్చ రాకూడదు. మచ్చ లేకుండా ముగించి రండి, సాయంత్రం ఉత్తరం మీద సంతకం పెట్టుకుందాం" అన్నాడాయన. నవ్వుతూనే అన్నాడు. ఇంజనీరమ్మకు మాత్రం ఆ నవ్వు వినపడలేదు, మచ్చ అన్న మాటే వినపడింది.

ఆమె స్వతహాగా పిరికి మనిషి. చీకట్లో మెట్లు దిగమంటే దిగదు. ఆమెకు పని నేర్పిన పెద్దాయన ఒకడుండేవాడు, తాబేలు మాస్టారని పిలిచేవారు. ఆ పేరు ఆయన నడకని బట్టి కాదు, ఆయన టైపు చేసే వేగాన్ని బట్టి వచ్చింది. "ఈ పనికి భయమున్నవాళ్లే కావాలమ్మాయ్. ధైర్యవంతులు ఊళ్లకి ఊళ్లే ఆపేస్తారు" అనేవాడు.

ఆయన నేర్పిన జాగ్రత్త ఒకటుంది. దూరాన ఉన్న నెట్‌వర్క్ పెట్టెలోకి మనం ఏ దారిన వెళ్తున్నామో ఆ దారినే మార్చాల్సి వస్తే, పొరపాటున మనమే బయట చిక్కుకుపోవచ్చు. అందుకని పని మొదలుపెట్టకముందే పెట్టెకి ఒక గడువు పెట్టాలి. గంటలోగా నా దగ్గర్నుంచి కబురు రాకపోతే నీ అంతట నువ్వు ఆగి, మళ్లీ మొదలై, పాత పద్ధతిలోకి వెళ్లిపో అని దాని అర్థం. పని సవ్యంగా అయిపోతే గడువు రద్దు చేసి, కొత్త పద్ధతిని సేవ్ చేయాలి. పెట్టె పక్కనే కూర్చున్నా సరే ఆయన గడువు పెట్టకుండా ఏదీ ముట్టుకునేవాడు కాదు. ఆమెకూ అదే అలవడింది.

ఆసుపత్రిలో పని ఇదీ. అక్కడి నెట్‌వర్క్‌లోకి బయటినుంచి ఎవరు పడితే వాళ్లు చొరబడటానికి వీలుగా పాత దారులు బార్లా తెరిచి ఉన్నాయి. వాటన్నిటినీ మూసేయాలి. భోజనాల తర్వాత ఆసుపత్రిలో సందడి తగ్గుతుంది, అప్పుడు చేసుకోమన్నారు.

పని మొదలుపెట్టే ముందు ఆమె మూడో అంతస్తులో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డుకి వెళ్లింది. ఏ యంత్రాలు దేని మీద ఆధారపడి ఉన్నాయో కళ్లతో చూడకుండా ముట్టుకోకూడదన్నదీ మాస్టారు మాటే. అద్దాల గోడకి అవతల వరుసగా గాజు తొట్టెలు. ఒక్కో తొట్టెలో అరచేయంత ప్రాణి. ఇవతల బల్ల దగ్గర పెద్ద తెర. తొట్టెకి ఒక వరుస చొప్పున గుండె గీతలు, ఊపిరి అంకెలు కదులుతున్నాయి. తెర ముందు ఒక్క సిస్టరే కూర్చుని ఉంది.

"ఒక్కరేనా?" అంది ఇంజనీరమ్మ.

"ఇవాళ ఒక్కర్తినే మేడం. ఇంకో ఆవిడకి జ్వరం. ఈ తెర ఉంది కాబట్టి నెట్టుకొస్తున్నా. లోపల మిషన్లు కూస్తాయి గానీ, ఈ అద్దం దాటి ఏదీ సరిగా వినపడదు."

"తెర ఆగిపోతే?"

సిస్టరు ఆమె వంక ఎగాదిగా చూసింది. "ఆపుతారా ఏంటి?"

"లేదు లేదు. ఊరికే అడిగాను."

"ఆగితే తొట్టెల పక్కన మనుషులు నిలబడాలి. ముందుగా ఒక్క ముక్క చెప్తే చాలు, పైనుంచి ఇద్దర్ని పిలిపించుకుంటా. పిలిస్తే క్షణంలో వస్తారు."

ఆగదని ఇంజనీరమ్మ మాటిచ్చింది. ఆమె చేయబోయే పనికి ఆగాల్సిన అవసరం నిజంగానే లేదు.

కింది అంతస్తులో చిన్న గది. చల్లగా, రొదగా ఉంది. ఆసుపత్రిలోని కంప్యూటర్లు, తెరలు, ఫోన్లు అన్నీ వచ్చి కలిసే పెద్ద పెట్టె అక్కడుంది. ఆమె గడువు పెట్టింది. ఒక్కో దారీ మూసింది. మూసిన ప్రతి దారినీ తన ఫోనుతో బయటినుంచి తట్టి చూసింది. ఏదీ తెరుచుకోలేదు. లోపల అన్నీ మామూలుగా నడుస్తున్నాయి. వేళ్లు వణకలేదు. చాలాకాలానికి తన పని తనకే ముద్దొచ్చింది.

సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని ఫోటోల సారు వచ్చాడు. వెనకాల ఆసుపత్రి మేనేజరు, మేనేజరు చేతిలో పూలగుత్తి.

"అయిపోయిందా మేడం?"

"అయిపోయిందండి. ఒక్క నిమిషం..."

"నిమిషమెందుకు, ఇలా రండి. ఆ ల్యాప్‌టాప్ మూసెయ్యండి, దాని వెలుగు మొహం మీద కొడుతోంది. ఆఁ, చెయ్యి పెట్టె మీద వెయ్యండి. సార్, మీరు ఇటు. అందరూ నవ్వాలి!"

ఒక ఫోటో సరిపోలేదు. పూలగుత్తితో ఒకటి, పూలగుత్తి లేకుండా ఒకటి, మేనేజరు కరచాలనం చేస్తుండగా ఒకటి. ఆ తర్వాత మేనేజరు గదిలో టీ. మేనేజరు ఆమెను ఎక్స్‌పర్టుగారూ అన్నాడు. ఇన్నేళ్లలో ఎవరూ ఆమెను గారూ అనలేదు. ఆ మాట చెవుల్లో మోగుతుండగానే ఫోటోల సారు ఆమెను లేపాడు.

"నేను సారుతో మిగతా విషయాలు మాట్లాడి వస్తా. మీరు ఆఫీసుకి పదండి. ఉత్తరం సిద్ధం చేయించి ఉంచాను."

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. భర్త ఫోన్ చేశాడు.

"ఏమోయ్, అయిందా?"

"అయిందండీ. ఉత్తరం తీసుకుని వచ్చేస్తా."

"అమ్మ అప్పుడే పెట్టె సర్దేసింది. వద్దంటే వినదు. మీ వదిన ఇవాళ గిన్నెలు చాలా మెల్లిగా పెడుతోందిలే" అని నవ్వాడు.

ఆమె కూడా నవ్వింది. ఫోన్ సంచిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, అలవాటు కొద్దీ పనిని మొదటినుంచి మళ్లీ చేయడం మొదలుపెట్టింది. వార్డు చూశాను. గడువు పెట్టాను. మొదటి దారి మూశాను, తట్టి చూశాను. రెండోది. మూడోది. చివరిది. లోపల అన్నీ నడుస్తున్నాయని చూసుకున్నాను. ఆ తర్వాత?

ఆ తర్వాత పూలగుత్తి.

ఇంకోసారి మొదటినుంచి వచ్చింది. మళ్లీ అక్కడే ఆగింది. గడువు రద్దు చేయలేదు. సేవ్ కూడా చేయలేదు. ల్యాప్‌టాప్ మూసేసింది.

పరీక్షలో అయితే ఈ తప్పు జరిగే వీలే లేదు. పరీక్ష గదిలో ఎవరూ గడువులు పెట్టరు, అంత తీరిక ఉండదు. అక్కడి పెట్టెలు ఆగినా మొదలైనా ఎవరి ఊపిరీ ఆగదు. జాగ్రత్త తెలిసినవాళ్లు, బతికి ఉన్న నెట్‌వర్క్ మీద పని చేసేవాళ్లు మాత్రమే చేయగల తప్పు ఇది. ఆ పెట్టె గంట కాగానే తనంతట తాను ఆగిపోతుంది. మళ్లీ లేచి నిలబడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కొన్ని నిమిషాలు వార్డులో తెర నల్లగా ఉంటుంది.

గంటలో ఎంత అయిపోయిందో లెక్కేయబోతే లెక్క రాలేదు. ఫోటోలు ఎంతసేపు? టీ ఎంతసేపు? బస్సు కోసం నిలబడింది ఎంతసేపు? మిగిలింది చాలా తక్కువని మాత్రం తెలుస్తోంది. ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచింది. ఫోను ద్వారా ఆసుపత్రి నెట్‌వర్క్‌లోకి వెళ్లబోయింది. దారి లేదు. ఇంకో దారిన ప్రయత్నించింది. అదీ లేదు. అన్నీ గట్టిగా మూసి ఉన్నాయి. పరీక్షయితే పూర్తి మార్కులు పడేవి.

ఫోటోల సారుకి ఫోన్ చేసింది. ఆయన కట్ చేశాడు. మళ్లీ చేసింది. మళ్లీ కట్ చేసి, మీటింగులో ఉన్నానని సందేశం పంపాడు. చివర నవ్వు బొమ్మ.

ఇక మిగిలింది వార్డుకి చేయడమే. ఇంజనీరమ్మ ఆ నంబరు వెతికి పట్టుకుంది, వేలు దాని మీదే పెట్టింది, నొక్కలేదు. భయం రెండు వైపులనుంచీ పట్టుకుంది. చెప్తే మచ్చ. మచ్చ పడితే ఉత్తరం లేదు, ఉత్తరం లేకపోతే తాళాలు లేవు. అత్తగారు సర్దిన పెట్టె విప్పాలి. వదినగారి గిన్నెలు మళ్లీ చప్పుడు చేస్తాయి. చెప్పకపోతే? కొన్ని నిమిషాలే కదా. తొట్టె పక్కన మిషను ఎలాగూ కూస్తుంది కదా. పెట్టెలు అప్పుడప్పుడు వాటంతటవే ఆగుతాయి, ఎవరికి తెలుస్తుంది? ఈ ఆలోచన ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుని ఆమెకు తన మీద తనకే భయం వేసింది. అయినా వేలు కదల్లేదు. వచ్చే స్టాపు దాకా ఆలోచిద్దాం అనుకుంది.

స్టాపు వచ్చింది. ఒక ముసలాయన మెల్లగా దిగాడు. ఒక తల్లి చంకలో బిడ్డతో ఎక్కి ఆమె పక్కనే నిలబడింది. బొద్దుగా ఉన్న బిడ్డ, నిద్రపోతోంది. నోరు కొంచెం తెరిచి ఊపిరి తీస్తోంది, వదులుతోంది. ఇంజనీరమ్మ చూపు తిప్పుకోలేకపోయింది. బిడ్డ ఊపిరి తీసిన ప్రతిసారీ తర్వాతిది వస్తుందో రాదో అని ఎదురుచూస్తున్నట్టు ఆమెకే తెలిసింది. వేలు నొక్కింది.

ఆసుపత్రి వాళ్ల పాట మోగింది. రిసెప్షన్‌లో అమ్మాయి వార్డుకి కలుపుతానంది. మళ్లీ పాట.

"హలో, పిల్లల వార్డు."

"సిస్టర్, నేనండీ. ఇందాక వచ్చాను కదా, నెట్‌వర్క్ ఇంజనీరుని."

"ఆఁ, మేడం. చెప్పండి."

"మీకొక సంగతి చెప్పాలి. చెప్పేముందు మీరు నాకో సాయం చెయ్యాలి. ఇది మీ మేనేజరుగారికి తెలియనివ్వకండి. ప్లీజ్. ఇవాళే నాకు..."

"ఏ సంగతండీ?"

"చెప్తున్నా. ఆయనకి చెప్పనని ముందు మాటివ్వండి. నా జీతం..."

"అయ్యో, ముందు విషయం ఏంటో..."

అవతల సిస్టరు గొంతు ఆగిపోయింది. లైను కట్టయిన చప్పుడు కూడా లేదు. బావిలోకి చెవి పెట్టినట్టు ఖాళీ.

ఇంజనీరమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. వార్డు ఫోను కూడా ఆ పెట్టెలోంచే వస్తుంది. గడువు అయిపోయింది.

"తెర పోతుంది, పిల్లల దగ్గరికి వెళ్లండి" అంది ఆమె, ఆగిపోయిన ఫోనులోకి. మళ్లీ అంది, గట్టిగా. ఐదు మాటలు. అంతే ఉంది చెప్పాల్సింది. బస్సులో అందరూ ఆమె వైపు తిరిగారు. బిడ్డ తల్లి ఒక అడుగు వెనక్కి వేసింది.

డ్రైవరు ట్రాఫిక్కు మధ్యలో తలుపు తీయనన్నాడు. ఆమె మొహం చూసి తీశాడు. వచ్చిన దారినే పరుగెత్తింది. చెప్పులు అడ్డం పడుతుంటే విడిచి చేత్తో పట్టుకుంది, కాసేపటికి అవి కూడా ఎక్కడో జారిపోయాయి. వాహనాలు హారన్లు కొడుతున్నాయి, ఎవరో తిట్టారు. ఆమె చెవుల్లో తన గొంతే వినపడుతోంది. చెప్పనని ముందు మాటివ్వండి. చెప్పనని ముందు మాటివ్వండి. తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది. ఏమని మొక్కాలో మాత్రం తోచలేదు. పిల్లలకి ఏమీ కాకూడదని మొక్కుతుంటే మధ్యలో ఎవరికీ తెలియకూడదన్న కోరిక కూడా వచ్చి దూరుతోంది. దాన్ని తోసేస్తోంది, అది మళ్లీ వస్తోంది.

లిఫ్టు కోసం ఆగలేదు. మూడో అంతస్తు మెట్లు ఎక్కేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. అద్దాల గోడ దగ్గరికి వెళ్లి రెండు చేతులూ ఆనించి నిలబడింది.

తెర వెలుగుతోంది. గీతలన్నీ కదులుతున్నాయి. బల్ల దగ్గర మాత్రం ఎవరూ లేరు. కుర్చీ వెనక్కి పడి ఉంది, ఫోను రిసీవరు తీగకి వేలాడుతోంది. లోపల మూడో తొట్టె చుట్టూ ముగ్గురు మూగి ఉన్నారు. వాళ్ల వీపులే కనిపిస్తున్నాయి. తెల్లకోటు డాక్టరు వంగి ఏదో చేస్తున్నాడు. వాళ్ల మధ్యలోంచి చిన్న పాదం ఒకటి కనపడింది. దాని రంగు మంచిగా లేదు.

ఆ పాదం వంక చూస్తూ నిలబడ్డ కాసేపట్లో ఇంజనీరమ్మ అనుకున్నవన్నీ రాయడానికి నాకు మనసొప్పడం లేదు. జీతం, ఉత్తరం, ఇల్లు ఒక్కటి కూడా అప్పుడు ఆమెకు గుర్తు రాలేదని మాత్రం చెప్పగలను. పాదం కదలాలి. అంతకు మించి లోకంలో ఆమెకేమీ అక్కర్లేదు.

పాదం కదిలింది. మోకాలు ముడుచుకుంది. డాక్టరు నడుం నిటారు చేశాడు. అద్దం దాటి చప్పుడు రాలేదు గానీ, బిడ్డ నోరు తెరిచి ఏడవడం కనిపించింది.

సిస్టరు బయటికి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. కుర్చీ ఎత్తి నిలబెట్టి అందులో కూలబడింది.

"మీరా? ఫోను ఏమైంది మేడం? మీరు మాట్లాడుతుంటేనే పోయింది. హలో హలో అంటూ నేను అలాగే నిలబడిపోయా. రిసీవరు కొట్టి చూశా, బటన్లు నొక్కా. తలెత్తి చూస్తే తెర నల్లగా ఉంది. అప్పుడు లోపలికి పరుగెత్తా. మూడో తొట్టె పాప ఊపిరి ఆపేసింది. మిషను ఎప్పట్నుంచి కూస్తోందో ఏమో. పాదాలు రుద్దా, వీపు రుద్దా, రాలేదు. మాస్కు పెట్టి గాలి కొడితే గానీ..." అని చేత్తో మొహం తుడుచుకుంది. "పైవాళ్లని పిలుద్దామంటే ఫోను లేదు. ఎవరో ఆయా మెట్లెక్కి వెళ్లి పిలుచుకొచ్చింది."

ఇంజనీరమ్మ మూడో తొట్టె వైపే చూస్తోంది.

మెట్ల వైపు గొంతులు వినిపించాయి. మేనేజరు గబగబా వస్తున్నాడు, వెనకాల ఫోటోల సారు, ఆ వెనక ఆసుపత్రి ఎలక్ట్రీషియన్.

"కరెంటు పోలేదండీ" అంటున్నాడు ఎలక్ట్రీషియన్, బతిమాలుతున్నట్టు. "లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. బ్యాటరీలు కూడా పొద్దున్నే చూశా."

"నువ్వు చూసిన సంగతి నాకు తెలుసులే. మొన్న కూడా ఇలాగే చూశావు. ఆగు, ఎక్స్‌పర్టుగారు ఉన్నారు కదా, వాళ్లే చెప్తారు" అన్నాడు మేనేజరు.

ఫోటోల సారు ఆమె చెప్పుల్లేని కాళ్ల వైపు చూశాడు. చెమటకి అతుక్కున్న జుట్టు చూశాడు. తెలివైన మనిషి, అంతా అర్థమైంది. నవ్వుతూనే ఆమెను నాలుగడుగులు పక్కకి తీసుకెళ్లాడు.

"నేనేం అడగను. మీరేం చెప్పకండి" అన్నాడు మెల్లగా. "కరెంటు తేడా అనండి, చాలు. మీ మాట మీద ఇంకొకడు మాట్లాడడు. మీకు అంత జీతం దేనికనుకున్నారు? ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు చెప్తే నమ్ముతారు మేడం. దానికే."

ఇద్దరూ వెనక్కి వచ్చారు. మేనేజరు సిస్టరుని అడుగుతున్నాడు, అంతకుముందు ఏమైనా తేడా కనిపించిందా అని.

"ఏమీ లేదండీ. ఈ మేడం ఫోన్ చేశారు. అంతలో పోయింది."

"ఏమన్నారు?"

సిస్టరు ఇంజనీరమ్మ వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, అసలేం జరిగిందో తెలియని అయోమయం ఉంది.

"ఏదో మీకు చెప్పొద్దన్నారు. ఏంటో నాకూ తెలీదు. నాకు వినపడింది అదొక్కటే."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఎలక్ట్రీషియన్ కూడా. ఆయన చేతిలో టెస్టరు ఉంది, దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఇంజనీరమ్మకు భయం తగ్గలేదు. బల్ల అంచు పట్టుకుంది.

"కరెంటు కాదండీ. నేనే. పనికి ముందు పెట్టిన గడువు తీసేయడం మర్చిపోయాను. అందుకే పెట్టె ఆగింది. నేను సేవ్ చేయలేదు కాబట్టి పాత దారులన్నీ మళ్లీ తెరుచుకున్నాయి. వాటిని మళ్లీ మూయాలి. నన్ను చేయనిచ్చినా, ఇంకెవరిచేత చేయించినా, ఆ కాసేపూ తొట్టెల పక్కన మనుషుల్ని నిలబెట్టండి."

ఎలక్ట్రీషియన్ టెస్టరు జేబులో పెట్టుకున్నాడు. మేనేజరు ఇక ఆమెను గారూ అనలేదు. ఫోటోల సారుని తన గదికి రమ్మని చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ఫోటోల సారు ఆమెను దాటి వెళ్తూ ఒక్క క్షణం ఆగాడు.

"ఉత్తరం సంగతి మర్చిపోండి. మీ సర్టిఫికెట్ నంబరు మాత్రం మాకు కావాలి. పాత జీతానికే ఉంటానంటే ఉండండి."

సిస్టరు కుర్చీలోంచి లేవలేదు. వేలాడుతున్న రిసీవరు ఎత్తి దాని చోట పెట్టింది.

"ఫోనులో చెప్దామనుకుంది ఇదేనా?"

"ఇదే."

"తెర పోతుంది అంటే సరిపోయేది కదమ్మా" అంది సిస్టరు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మూడో తొట్టె వరుసలో అంకెలు చూస్తూ అంది, "ఆ పాప వాళ్లమ్మ కింద హాల్లో ఉంది. జరిగింది ఆవిడకి చెప్పాలి. నేను వెళ్లాలంటే ఈ తెర వదలాలి."

"నేను చెప్తా" అంది ఇంజనీరమ్మ.

మెట్లు దిగుతుంటే సంచిలో ఫోను మోగింది. ఇంటినుంచి. తీయలేదు. హాల్లో వరుసగా కుర్చీలు, వాటిలో ఒక్క మనిషే ఉంది. ఒడిలో ఖాళీ పాల సీసా పట్టుకున్న సన్నటి పిల్ల, ఇరవై ఏళ్లుంటాయేమో. మెట్ల మీదనుంచి చెప్పుల్లేకుండా, జుట్టు రేగిపోయి తన వైపే వస్తున్న మనిషిని చూసి లేచి నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. సీసా చేతిలోంచి జారి దొర్లుకుంటూ పోయింది.

ఇంజనీరమ్మ ఇంకా దూరంగానే ఉంది. దగ్గరికి వెళ్లేదాకా ఆగలేదు. తనెవరో చెప్పలేదు, క్షమించమనలేదు. హాలంతా వినపడేలా, అక్కణ్నుంచే అంది.

"పాప బాగుంది!"

ఆ పిల్ల కుర్చీలో కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఇంజనీరమ్మ సీసా ఏరుకొచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. రెండో మాట చెప్పాల్సి ఉంది. ఆ పిల్ల ఏడుపు తగ్గేదాకా ఆగి, అది కూడా చెప్పింది.